లూజ్ మోషన్స్ అన్నీ ఐబీఎస్ ఖాతాలోనేనా? బైల్ యాసిడ్స్, గట్ బ్యాక్టీరియా సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

ఉదయంపరుగు
అందరికీ నమస్తే. చాలాకాలంగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. గాల్ బ్లాడర్ తీసేశాక మొదలైంది నాకీ గోల. పొద్దున లేస్తూనే పరుగు, తిన్న కాసేపటికి మళ్లీ పరుగు, నీళ్లలాగా పసుపుపచ్చగా, మంటగా, ఆపుకుందామంటే ఆగదు. ఎక్కడికెళ్లినా ముందు బాత్రూం ఎటుందో చూసుకునే కూర్చుంటా. కొలనోస్కోపీ చేశారు, అంతా నార్మల్ అన్నారు, ఐబీఎస్ (ఇరిటబుల్ బవల్ సిండ్రోమ్, టెస్టుల్లో ఏమీ దొరకని పేగు సమస్య) అని రాసేసి టెన్షన్ తగ్గించుకోమన్నారు. టెన్షన్ వచ్చిందే దీనివల్ల కదండీ అంటే నవ్వి ఊరుకున్నారు. మొన్న బైల్ యాసిడ్ డయేరియా అని ఒక మాట కంటపడింది, చదువుతుంటే నా గురించే రాసినట్టుంది. దానికీ కడుపులో బ్యాక్టీరియాకీ కూడా లింకు ఉందంటున్నారు, అది మాత్రం బుర్రకెక్కలేదు. ఎవరైనా మామూలు మాటల్లో చెప్తారా?

పైత్యరాజు
స్వాగతం, మన సంఘంలోకి ఇంకొకరు 😀 మీరు రాసినదాంట్లో ఐబీఎస్ తీసేసి నా పేరు పెడితే సరిపోతుంది. నాకు గాల్ బ్లాడర్ ఉంది, శుభ్రంగా ఉంది, అయినా ఇదే వచ్చింది. ఏళ్ల తరబడి ఐబీఎస్ మందులు మింగి మింగి చివరికి ఒక డాక్టరు బైల్ యాసిడ్‌ని పేగులో పట్టుకునే కొలెస్టైరమిన్ పొడి రాశారు, వారం తిరక్కుండా తేడా తెలిసింది. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, "నాది బైల్ యాసిడ్ వల్ల కావచ్చా, దానికి టెస్టు ఉందా" అని. మొహమాటపడకండి.

అనుమానంపక్షి
ఒక్కరికి పనిచేసిందని అందరికీ అదే జబ్బని తేల్చేస్తే ఎలా బ్రో. ఆ పొడి ఎవరికిచ్చినా ఎంతోకొంత మోషన్ గట్టిపడుతుంది, మలబద్ధకం దాని సైడ్ ఎఫెక్టే కదా. పొడికి తగ్గింది కాబట్టి జబ్బు ఇదే అనడం తలకిందుల లాజిక్.

పైత్యరాజు
నాకు టెస్టు చేశాకే రాశారు లేవయ్యా.

ల్యాబ్_కోటు
పక్షిగారి పాయింటు కొట్టిపారేసేది కాదు, దాని దగ్గరికి తర్వాత వస్తా. నేను డాక్టర్ని కాదు, మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తా, బ్యాక్టీరియా వైపు నుంచి తెలిసింది రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

లివర్ కొలెస్ట్రాల్‌ని తీసుకుని రెండు బైల్ యాసిడ్స్ తయారుచేస్తుంది, ఒకటి కోలిక్ యాసిడ్, రెండోది కీనోడీఆక్సీకోలిక్ యాసిడ్. వీటికి గ్లైసీన్ గానీ టారిన్ గానీ తగిలించి పైత్యరసంలో (బైల్ అంటే అదే) కలిపి వదులుతుంది. మనం తిన్నప్పుడు, అందులోనూ కొవ్వు తిన్నప్పుడు, పిత్తాశయం, అంటే గాల్ బ్లాడర్, పిండుకుని ఆ రసాన్ని చిన్నపేగులోకి పోస్తుంది. జిడ్డు గిన్నె మీద సబ్బు ఏం చేస్తుందో కొవ్వు మీద ఇవీ అదే చేస్తాయి. పని అయిపోయాక బయటికి పోవు, చిన్నపేగు చివరి భాగం, అంటే ఇలియం, 95 శాతం దాకా మళ్లీ పీల్చుకుని రక్తంలోంచి లివర్‌కి తిప్పి పంపేస్తుంది. ఒంట్లో మొత్తం ఉండేదే ఓ 3 గ్రాములు అటూఇటూ, ఆ కాస్తనే రోజులో చాలాసార్లు తిప్పి తిప్పి వాడుకుంటుంది శరీరం.

ఆ మిగతా 5 శాతం పెద్దపేగులోకి జారుతుంది. అక్కడున్నది బ్యాక్టీరియా రాజ్యం. చాలా రకాల బ్యాక్టీరియా ముందు ఆ గ్లైసీన్, టారిన్ ముక్కని కోసేస్తాయి. తర్వాత, అసలు మెలిక ఇక్కడుంది, మహా కొద్ది రకాలు మాత్రమే, క్లాస్ట్రీడియం సిండెన్స్ లాంటివి, ఆ యాసిడ్ నుంచి ఒక హైడ్రాక్సిల్ గ్రూపుని ఊడబీకి కొత్త యాసిడ్స్ చేస్తాయి. కోలిక్ నుంచి డీఆక్సీకోలిక్, కీనోడీఆక్సీకోలిక్ నుంచి లిథోకోలిక్. లివర్ చేసినవి ప్రైమరీ, బ్యాక్టీరియా మార్చినవి సెకండరీ అంటారు. ఈ పని మన కణాలకి చేతకాదు, బ్యాక్టీరియా లేకపోతే సెకండరీ యాసిడ్స్ అనేవే ఉండవు.

ఇక ఉదయంపరుగు గారి సంగతి. పెద్దపేగులోకి మామూలుకన్నా ఎక్కువ బైల్ యాసిడ్ పడితే అక్కడి గోడ నీళ్లనీ ఉప్పునీ లోపలికి పీల్చుకోవడం మానేసి బయటికి వదులుతుంది, పేగు కదలికలు కూడా జోరందుకుంటాయి. నీళ్ల మోషన్, తొందర, మంట, మూడూ దాన్నుంచే.

చిన్నపేగు_కొంచెమే
ల్యాబ్ గారూ చాలా బాగా చెప్పారు. నాది క్రోన్స్, పేగు వాచే జబ్బు, ఇలియం ముక్క కోసేశారు. పీల్చుకునే చోటే లేకపోతే ఏమవుతుందో నన్నడగండి, చెప్తా 😑

ఇలియం తీసేయించుకున్నవాళ్లు ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, ఎంత పొడవు పోయింది అనేదాన్నిబట్టి కథ మారిపోతుంది. సుమారు 100 సెంటీమీటర్ల లోపైతే లివర్ ఓవర్‌టైం చేసి పోయినదాన్ని భర్తీ చేస్తుంది, కాబట్టి కొవ్వు అరుగుతుంది, కానీ కిందకి జారే యాసిడ్ వల్ల నీళ్ల మోషన్స్. వీళ్లకి ఆ పొడి పనిచేస్తుంది. అంతకు మించి పోతే లివర్ ఇక అందుకోలేదు, యాసిడ్స్ సరిపోక కొవ్వే అరగకుండా పోతుంది, మోషన్ జిడ్డుగా, తేలుతూ, భరించలేని వాసన. అప్పుడు ఆ పొడి ఇస్తే ఉన్న కాస్త యాసిడ్‌నీ అదే పట్టుకుని పోతుంది, ఇంకా పెరుగుతుంది. నాకు మొదట్లో ఒకచోట ఆపరేషన్ కాగితాలు కూడా చూడకుండా పొడి రాసేశారు, నరకం చూశా. పేరెందుకులెండి. మీ ఆపరేషన్ నోట్స్‌లో ఎన్ని సెంటీమీటర్లు అని ఉంటుంది, ఆ కాగితం పోగొట్టుకోవద్దు. బీ12 కూడా పీల్చుకునేది ఆ చివరి భాగంలోనే కాబట్టి అది చూపించుకుంటూ ఉండాలి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు కూడా వస్తాయి మాలాంటివాళ్లకి, అరగని కొవ్వు కాల్షియంని పట్టేసుకుంటుంది, పట్టుకునే కాల్షియం లేక ఆక్సలేట్ అంతా ఒంట్లోకి పోతుంది. ఒకటి పోతే వెనకాల గొలుసు గొలుసే కదులుతుంది.

ఉదయంపరుగు
అమ్మో. మరి నాకు ఇలియం ఉంది కదా, గాల్ బ్లాడర్ ఒక్కటే లేదు. నాకెందుకు వస్తోంది?

మందులచీటీ
నేను ఫార్మసిస్టుని. గాల్ బ్లాడర్ తీయించుకున్న అందరికీ రాదండీ, కొందరికే వస్తుంది. ఆ సంచి లేక పైత్యరసం తిండితో సంబంధం లేకుండా కారుతూనే ఉంటుంది, రాత్రంతా ఖాళీ పేగులోకి కూడా. పొద్దున్నే మీకు ఎక్కువ ఉండటానికి అదొక కారణం కావచ్చు. అలాగని గాల్ బ్లాడర్ పోయింది కాబట్టి ఇదే అని కళ్లు మూసుకుని అనుకోవద్దు, గోధుమ పడని సీలియాక్ జబ్బు, థైరాయిడ్ ఎక్కువవడం, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్, ఇవన్నీ కూడా మోషన్స్ తెప్పిస్తాయి. మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా ముందు చెప్పండి.

ఉదయంపరుగు
లేదండీ, షుగర్ లేదు. థైరాయిడ్ తక్కువుంది, దానికి మాత్ర వేసుకుంటా.

గుడ్‌బ్యాక్టీరియా
ఇంత గందరగోళం దేనికి, మంచి బ్యాక్టీరియా తగ్గిపోయింది, అంతే. మంచి ప్రోబయోటిక్ ఒక కోర్సు వాడండి, యాసిడ్స్ అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. నాకు గ్యాస్, ఉబ్బరం రెండూ పోయాయి. మందులతో కడుపు పాడుచేసుకోవద్దు.

ల్యాబ్_కోటు
మీకు తగ్గినందుకు సంతోషమే, కానీ ఆ లాజిక్ ఇక్కడ అతకదు. డబ్బాల్లో దొరికేవి ఎక్కువగా ల్యాక్టోబాసిలస్, బిఫిడో రకాలు. అవి మొదటి పని, ఆ ముక్క కోసే పని, బాగానే చేస్తాయి. రెండో పని, సెకండరీ యాసిడ్స్ చేసే పని, వాటికి రాదు. అది చేసే క్లాస్ట్రీడియా రకాలు గాలి తగిలితే చచ్చే బాపతు, మామూలు ప్రోబయోటిక్ డబ్బాలో ఉండవు. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ వాళ్ల సంఘం 2020లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో కూడా ఐబీఎస్‌కి ప్రోబయోటిక్స్ ట్రయల్స్‌లో తప్ప వాడమని చెప్పలేదు.

పైగా మంచి, చెడు అని రెండు ముఠాలు ఉన్నట్టు మాట్లాడితే కుదరదండీ. అదే డీఆక్సీకోలిక్ యాసిడ్ ఎక్కువైతే పేగు గోడని రాపాడుతుంది, పెద్దపేగు క్యాన్సర్ విషయంలో అనుమానంగా చూసేదీ దాన్నే. బొత్తిగా లేకపోతే ఇంకో ప్రమాదం, సీ డిఫ్.

అనుమానంపక్షి
సీ డిఫ్ అంటే ఆ యాంటీబయాటిక్స్ తర్వాత వచ్చేదేనా? దానికీ పైత్యరసానికీ ఏంటి సంబంధం?

ల్యాబ్_కోటు
అదే. క్లాస్ట్రీడియోయిడిస్ డిఫిసిలే, పెద్దపేగులో చేరి విరేచనాలు తెప్పించే బ్యాక్టీరియా. నాకు ఈ సబ్జెక్టులో ఇష్టమైన చోటు ఇదే, కాబట్టి భరించండి.

ఆ క్రిమి స్పోర్ల రూపంలో, గట్టి పెంకులో నిద్రపోతూ కడుపులోకి వస్తుంది. దాన్ని నిద్రలేపే సిగ్నల్ ఏంటో తెలుసా, టారోకోలేట్, అంటే టారిన్ తగిలించిన మన ప్రైమరీ బైల్ యాసిడ్. ల్యాబ్‌లో స్పోర్లని మొలకెత్తించాలంటే మేం ప్లేటులో వేసేది కూడా అదే. మేలుకుని పెరగబోయేసరికి దాన్ని అణిచేది డీఆక్సీకోలిక్ యాసిడ్, అంటే బ్యాక్టీరియా చేసిన సెకండరీ యాసిడ్. ఆరోగ్యంగా ఉన్న పెద్దపేగులో లేపేది తక్కువ, అణిచేది ఎక్కువ. గట్టి యాంటీబయాటిక్ ఒకటి వాడగానే ఆ మార్చే బ్యాక్టీరియా కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది, లెక్క తిరగబడుతుంది, లేపేది నిండుగా, అణిచేది నిల్లు. 2015లో నేచర్ అనే సైన్స్ పత్రికలో ఒక పేపరు వచ్చింది, యాంటీబయాటిక్స్ ఇచ్చిన ఎలుకలకి క్లాస్ట్రీడియం సిండెన్స్‌ని ఎక్కిస్తే సీ డిఫ్‌ని తట్టుకునే శక్తి తిరిగొచ్చింది, అదీ సెకండరీ బైల్ యాసిడ్స్ ద్వారానే అని చూపించారు. ఇవి ఒక్కటే కారణం అనను, తిండి కోసం పోటీ లాంటివి కూడా ఉన్నాయి, కానీ ఇది పెద్ద ముక్కే.

గుడ్‌బ్యాక్టీరియా
చూశారా మరి, నేనన్నదీ అదేగా, బ్యాక్టీరియా తిరిగి పెడితే జబ్బు పోయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలం ఎక్కిస్తారంట కదా ఇప్పుడు?

ల్యాబ్_కోటు
ఎక్కిస్తారు, మళ్లీ మళ్లీ వచ్చే సీ డిఫ్‌కి. 2013లో నెదర్లాండ్స్‌లో చేసిన ట్రయల్‌లో ఒక్కసారి ఎక్కిస్తేనే 81 శాతం మందికి తగ్గింది, వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చినవాళ్లలో 31 శాతమే, తేడా చూసి ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. అమెరికాలో ఇలాంటి మందులు 2022లో ఒకటి, 2023లో నోటితో వేసుకునే క్యాప్సూల్ ఒకటి అనుమతి కూడా తెచ్చుకున్నాయి. కానీ అది సీ డిఫ్‌కి. బైల్ యాసిడ్ డయేరియాకో ఐబీఎస్‌కో అదే వైద్యం అనుకోవద్దు.

మోడరేటర్
మలమార్పిడి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఇంట్లో చేసుకునే పద్ధతులు, వీడియో లింకులు ఇక్కడ పెడితే తీసేస్తాం. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది, సరిగ్గా పరీక్షించని దాత మలం నుంచి మందులకి లొంగని ఈ.కోలై సోకి రోగనిరోధక శక్తి తగ్గిన ఒక రోగి చనిపోయారు. ఇంకో మాట, మోషన్‌లో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత ఉన్నవాళ్లు ఈ థ్రెడ్ చదువుతూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అనుమానంపక్షి
సరే, కారణం ఏదో ముందు తేలాలన్న నా మొదటి పాయింటు దగ్గరికి రండి. ఐబీఎస్‌లో బ్యాక్టీరియా వల్ల బైల్ మారిందా, బైల్ వల్ల బ్యాక్టీరియా మారిందా? ఏది ముందు? ఇది తేలకుండా "గట్ హెల్త్" అని అమ్మేస్తున్నారు జనం.

ల్యాబ్_కోటు
అసలు ప్రశ్న ఇదే, ఒక్క ముక్కలో తెగేది కాదు. 2012లో లూజ్ మోషన్స్ రకం ఐబీఎస్ ఉన్నవాళ్ల మలం చూస్తే ప్రైమరీ యాసిడ్స్ ఎక్కువ, సెకండరీ తక్కువ కనిపించాయి, అంటే మార్చే బ్యాక్టీరియా తగ్గిందన్నమాట. 2020లో వచ్చిన ఇంకో పరిశోధనలో అదే రకం ఐబీఎస్ వాళ్లలో పావు వంతు మందికి మలంలో బైల్ యాసిడ్స్ బాగా ఎక్కువ ఉన్నాయి, వాళ్లలో మాత్రం క్లాస్ట్రీడియా రకాలు ఎక్కువ కనిపించాయి. ఆ మలాన్ని ఎలుకలకి ఎక్కిస్తే వాటి లివర్ కూడా ఎక్కువ బైల్ చేయడం మొదలుపెట్టింది. ఒకటి తక్కువంటుంది, ఇంకోటి ఎక్కువంటుంది. నా లెక్కలో ఐబీఎస్ అనే ఒకే పేరు కింద రెండు మూడు జబ్బులు దాక్కుని ఉన్నాయి, కలిపి కొలిస్తే సగటు ఎటూ తేలదు.

రెండోదాంట్లో మెకానిజం మాత్రం అర్థమవుతుంది. ఇలియం బైల్ యాసిడ్‌ని పీల్చుకున్నప్పుడు అక్కడి కణాల్లో ఎఫ్ఎక్స్ఆర్ అనే రిసెప్టర్ మేలుకుని ఎఫ్‌జీఎఫ్19 అనే హార్మోన్‌ని వదులుతుంది. అది లివర్‌కి చేరి, చాల్లే, ఇక తయారీ తగ్గించు అని చెప్తుంది. ఆ కబురు బలహీనపడితే లివర్‌కి బ్రేకు ఉండదు, చేస్తూనే ఉంటుంది. పైత్యరాజు గారిలా గాల్ బ్లాడర్, ఇలియం అన్నీ బాగున్నా ఈ జబ్బు వచ్చేవాళ్లలో ఎఫ్‌జీఎఫ్19 తక్కువ ఉందని 2009లో చూపించారు. అంటే చాలామందిలో పేగు పీల్చుకోవడంలో లోటు కాదు, లివర్ అతిగా చేయడం. బ్యాక్టీరియా ఆ కబురు మధ్యలో వేలు పెట్టగలదు.

అనుమానంపక్షి
ఇప్పుడు బాగుంది. పావు వంతు అంటే మిగతా ముప్పావు వంతుకి అసలు కారణం బైల్ ఎక్కువవడం కాదనే కదా. కాబట్టి టెస్టు లేకుండా మందు వద్దు అనే నా మాట అలాగే ఉంచుతున్నా.

చిన్నపేగు_కొంచెమే
పక్షిగారూ, టెస్టు దొరికితే కదా. చాలా దేశాల్లో ఆ టెస్టే లేదు, అప్పుడు కొన్నాళ్లు మందు వాడి చూడటం తప్ప దారేముంది. బాత్రూంలో బతికేవాడికి సిద్ధాంతం చెప్తే ఏం లాభం.

ఉదయంపరుగు
టెస్టు అంటే ఏం చేస్తారసలు? మళ్లీ కొలనోస్కోపీ అంటే నా వల్ల కాదు బాబోయ్.

పైత్యరాజు
కాదు కాదు, హాయిగా ఉంటుంది. నాకు చేసింది సెహ్‌క్యాట్. సెలీనియం తగిలించిన నకిలీ బైల్ యాసిడ్ క్యాప్సూల్ ఒకటి మింగిస్తారు, కొద్దిపాటి రేడియేషన్ ఉంటుంది, కెమెరా కింద పడుకోబెట్టి కొలుస్తారు. 7 రోజుల తర్వాత మళ్లీ రమ్మని ఒంట్లో ఎంత మిగిలిందో చూస్తారు. 15 శాతం కన్నా తక్కువ మిగిలితే జబ్బున్నట్టు, 5 కన్నా తక్కువైతే తీవ్రం. కాగితం మీద అంకె చూశాక నాకు జబ్బు వచ్చిందన్న బాధకన్నా, ఇదంతా నా బుర్రలో పుట్టింది కాదన్న సంతోషమే ఎక్కువ.

మందులచీటీ
సెహ్‌క్యాట్ అమెరికాలో కూడా లేదు. లేనిచోట సీ4 అనే రక్తపరీక్ష చేస్తారు, లివర్ ఎంత బైల్ చేస్తోందో దాన్నిబట్టి తెలుస్తుంది. పరగడుపున, పొద్దున్నే ఇవ్వాలి, ఎందుకంటే అది రోజులో పూటపూటకీ మారుతుంది. లివర్ జబ్బు ఉంటే ఆ అంకెని నమ్మలేం. ఇంకోటి 48 గంటల మలం మొత్తం పోగుచేసి ఇచ్చే టెస్టు, కొవ్వు ఎక్కువున్న తిండి తింటూ, ఆ డబ్బా ఫ్రిజ్‌లో పెట్టుకుని... చేసినవాళ్లకి తెలుస్తుంది ఆ సుఖం.

ఉదయంపరుగు
😂 సీ4 అడుగుతా. మందులు ఆ పొడి ఒక్కటేనా? ఎవరో తాగలేమంటున్నారు.

పైత్యరాజు
ఇసుక ఇసుకగా ఉంటుంది, పళ్ల మధ్య కరకరలాడుతుంది, మొదట్లో కడుపు ఉబ్బుతుంది. కాసేపు నాననిచ్చి తాగితే నయం. పొడి పొడిగా నోట్లో వేసుకోవద్దు, గొంతులో ఇరుక్కుంటుంది. తాగలేనివాళ్లకి అదే పని చేసే కొలెసెవెలామ్ మాత్రలున్నాయి, పెద్ద పెద్ద మాత్రలు, అయినా పొడికన్నా వెయ్యి రెట్లు మేలు.

ల్యాబ్_కోటు
ఇంకో చిత్రం, డెన్మార్క్‌లో 52 మందితో చేసిన ట్రయల్ ఒకటి 2022లో వచ్చింది. షుగర్‌కి, బరువుకి వాడే లిరాగ్లూటైడ్ ఇంజెక్షన్‌ని కొలెసెవెలామ్‌తో పోల్చారు. మోషన్స్ కనీసం 25 శాతం తగ్గినవాళ్లు ఇంజెక్షన్ వైపు 26 మందిలో 20, మాత్రల వైపు 26 మందిలో 13. పేగు కదలికని నెమ్మది చేసి పీల్చుకోవడానికి టైమిస్తుందని ఊహ. చిన్న ట్రయల్, దీన్నిబట్టి ఇంజెక్షన్ కోసం ఎగబడకండి, దానికి వికారం, విరేచనాలు మామూలు సైడ్ ఎఫెక్ట్సే.

గుడ్‌బ్యాక్టీరియా
నాకు ఉల్టా ప్రాబ్లం అండీ, మోషనే సాఫీగా రాదు. అంటే నాకు బైల్ యాసిడ్ తక్కువ జారుతోందనా?

ల్యాబ్_కోటు
అందరికీ అదే కారణం కాదు గానీ కొందరి మలంలో తక్కువే కనిపించింది. ఆ ఆలోచనతోనే జపాన్‌లో ఎలోబిక్సిబాట్ అని ఒక మందు తెచ్చారు, 2018 నుంచి వాడుతున్నారు. ఇలియం బైల్ యాసిడ్‌ని పీల్చుకోకుండా కావాలని అడ్డుకుంటుంది, కాస్త ఎక్కువ పెద్దపేగులోకి జారి మోషన్ వస్తుంది. ఉదయంపరుగు గారికి ఉచితంగా జరుగుతున్నదే అక్కడ మాత్ర వేసి చేస్తున్నారు.

ఉదయంపరుగు
ఎవరికైనా కావాలంటే నా వాటా ఇచ్చేస్తా. జోకులు పక్కనపెడితే, మందులచీటీ గారూ, నా థైరాయిడ్ మాత్ర సంగతి చెప్పండి, ఆ పొడితో కలిపి వేసుకోవచ్చా?

మందులచీటీ
కలిపి వద్దే వద్దు, మెట్‌ఫార్మిన్ అడిగినప్పుడు మీరు థైరాయిడ్ అనగానే ఇదే చెబుదామనుకున్నా. ఆ పొడి బైల్ యాసిడ్‌ని పట్టుకున్నట్టే పేగులో దొరికిన మందునల్లా పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. థైరాయిడ్ మాత్ర ముందు వేసుకోండి, తర్వాత కనీసం 4 గంటలు ఆగి పొడి తాగండి. మిగతా మందులైతే పొడికి గంట ముందు, లేదా పొడి తాగాక 4 నుంచి 6 గంటల తర్వాత. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు, గుండెకి డిజాక్సిన్ వాడేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా అసలు మొదలుపెట్టొద్దు. ఎక్కువకాలం వాడితే ఏ, డీ, ఈ, కే విటమిన్లు తగ్గుతాయి, ట్రైగ్లిజరైడ్స్ పెరగొచ్చు, అవి మధ్యమధ్యలో చూపించుకోవాలి. పొడి మొదలుపెట్టాక కొన్ని వారాలకి థైరాయిడ్ టెస్టు, టీఎస్‌హెచ్, ఒకసారి చేయించండి. సీ4కి రక్తం ఇచ్చేది మాత్రం పొడి మొదలుపెట్టకముందే, తాగుతూ ఇస్తే లివర్ ఎక్కువ చేస్తున్నట్టే చూపిస్తుంది, ఎందుకు చేస్తోందో తేలదు.

ఉదయంపరుగు
ఇది ఎవరూ చెప్పలేదండీ. రాసుకున్నా. వచ్చే వారం అపాయింట్‌మెంట్, పొడి కంటే ముందు సీ4 అడుగుతా.